వెన్నెల్లో ఉదయగిరి

పౌర్ణమి రాత్రి నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గాన్ని మొదటిసారి ఫొటో తీసేవాళ్లకు తరచూ ఎదురయ్యే అనుభవం ఒకటుంది. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, ఐఎస్‌ఓ 800, ఎపర్చర్ ఎఫ్ 3.5 పెట్టి, షట్టర్‌ను 30 సెకన్లు తెరిచి ఉంచుతారు. తీరా చూస్తే స్క్రీను మీద నీలాకాశం, పచ్చటి చెట్లు, ఎండలో నిలబడ్డట్టున్న కొండ! పట్టిపట్టి చూస్తే గానీ చుక్కలు ఆనవు. మధ్యాహ్నం తీసిన ఫొటో అంటే ఎవరైనా నమ్మేస్తారు.

ఇందులో కెమెరా తప్పేమీ లేదు. చంద్రుడి మీద పడి మన దాకా వచ్చిన ఎండే వెన్నెల. అసలు ఎండలో దాని బలం దాదాపు నాలుగు లక్షలవ వంతు. అంత పలచటి వెలుగునైనా సెన్సర్ అరనిమిషం పాటు పోగుచేసుకుంటే పగలు పుట్టుకొస్తుంది. మిగతావేవీ మార్చకుండా షట్టర్‌ను 8 సెకన్లకు దించితే ఆకాశం ముదురు నీలానికి తిరుగుతుంది, బండల సందుల్లో నీడలు నల్లగా నిలుస్తాయి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు వదలకుండా 4,000 కెల్విన్ దగ్గర ఆపితే వెన్నెల చల్లదనం కూడా రంగుల్లోకి వస్తుంది.

కాబట్టి రాత్రి ఫొటో తీసేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది, ఎంత చీకటిని ఉంచాలన్నది. ఇప్పటి ఫోన్లు మనల్ని అడక్కుండానే ఆ నిర్ణయం తీసేసుకుంటున్నాయి. నైట్ మోడ్‌లో నాలుగైదు సెకన్ల పాటు వరసగా ఫొటోలు తీసి, వాటిని కలిపి, నీడలన్నీ ఎత్తి చూపిస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అందులో రాత్రి ఉండదు. మాన్యువల్ మోడ్ ఉన్న డిజిటల్ కెమెరా, అది పదేళ్ల నాటిదైనా సరే, ఆ నిర్ణయాన్ని మన చేతికిస్తుంది.

ఉదయగిరి లాంటి చోట ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దుర్గం ఎత్తు 3,079 అడుగులు. ఒకప్పుడు కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలుండేవని పాత గెజిటీర్లు చెబుతున్నాయి. కొన్ని వైపుల వెయ్యి అడుగుల దాకా నిట్టనిలువు చరియలే. ఇక్కడి గజపతుల సేనల మీద శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే, కోట చేజిక్కడానికి సుమారు ఏడాదిన్నర పట్టింది. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహానికి ఆయన 1515లో హంపీలో గుడి కట్టించి ప్రతిష్ఠ చేశాడు. ఈ కొండను లొంగదీసుకోవడం ఎందుకంత కష్టమైందో చరియల లోతును చూపిస్తేనే ఫొటోలో తెలుస్తుంది. లోతును చూపించేవి నీడలు. నీడలను చెరిపేసిన ఫొటోలో దుర్గం మామూలు గుట్టే.

చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు కొండ చప్పగా కనబడుతుంది. ఒక పక్కన, ఆకాశంలో సగం ఎత్తుకు లోపు ఉన్నప్పుడు ఏటవాలు వెలుగు పడి చరియల గీతలన్నీ బయటికొస్తాయి. పౌర్ణమి కంటే శుక్ల అష్టమి ఇంకా మంచిది. సగం చంద్రుడి వెలుగు నిండు చంద్రుడిలో సగం కాదు, పదో వంతుకు అటూఇటూ. అందుకే కొండా చుక్కలూ ఒకే ఫొటోలో ఇముడుతాయి. ఐఎస్‌ఓ 1600, ఎఫ్ 2.8, 15 నుంచి 20 సెకన్లు దగ్గర మొదలుపెట్టవచ్చు. అర్ధరాత్రి వేళకు ఆ చంద్రుడు అస్తమిస్తాడు, మిగతా రాత్రంతా చుక్కలదే. కొండెక్కాల్సిన పని కూడా లేదు. పైగా ఈ చుట్టుపక్కల వెలిగొండ అడవుల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. దుర్గం మొత్తం ఫ్రేములోకి రావాలంటే ఎటూ కింద పొలాల్లోంచి తీయాల్సిందే.

చీకట్లో ఆటో ఫోకస్ పనిచేయదు. లైవ్ వ్యూ పెట్టి, లుబ్ధకం లాంటి మెరిసే చుక్కను స్క్రీను మీద పది రెట్లు పెంచి, అది సూదిమొనంత అయ్యేదాకా ఫోకస్ రింగును చేత్తో తిప్పాలి. ఆ తర్వాత రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అతికిస్తే రాత్రంతా బెంగ ఉండదు. ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు లెన్సులోని స్టెబిలైజర్‌ను ఆపెయ్యాలి, లేకపోతే లేని కదలికను సరిచేయబోయి అదే ఫొటోను చెదరగొడుతుంది. రెండు సెకన్ల టైమరు, రా ఫైలు తప్పనిసరి.

తర్వాతి చిక్కు చుక్కల కదలిక. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ ప్రారంభించిన నిజామియా అబ్జర్వేటరీ వాళ్లకూ ఇదే సమస్య. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపటం ప్రాజెక్టులో పాలుపంచుకుని, గాజు పలకల మీద లక్షలాది నక్షత్రాలను ఫొటోల్లో నమోదు చేశారక్కడ. చుక్కలతో పాటే తిరిగే టెలిస్కోపు వాళ్లకుంది. కదలని ట్రైపాడ్ ఉన్నవాళ్లకు ఒక లెక్క ఉంది: 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఏపీఎస్-సీ సెన్సర్ మీద 18 ఎం.ఎం. లెన్సు 27 కింద లెక్క, అంటే 18 సెకన్లు. అది దాటితే చుక్కలు గీతలవుతాయి.

ఆ గీతలే కావాలనుకుంటే ఉదయగిరి ఆకాశం తీరే వేరు. ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన 15 డిగ్రీలకు కాస్త లోపుంది, కనుక ధ్రువ నక్షత్రం కూడా దిగంతం నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. చేయి చాచి పిడికిలి పడితే ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తు. యూరప్ వాళ్ల పాఠాలు చూసి ధ్రువుణ్ణి నడి ఆకాశంలో వెతికితే దొరకడు. దుర్గం ఉత్తరాన పడేలా నిలబడితే వలయాల కేంద్రం కొండ కొమ్మును ఆనుకుని కూర్చుంటుంది. కొండకు మరీ దగ్గరైతే దాని వెనక దాగిపోతుంది. తూర్పుకు తిప్పితే గీతలు దాదాపు నిలువుగా పైకి లేస్తాయి. పాలపుంత నడిమి భాగం దక్షిణాన 45 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో అది దిగంతాన్ని దాటి పైకొచ్చేదే బహు స్వల్పం. ఈ విషయంలో మన మెట్టప్రాంతపు ఆకాశం గొప్ప ఆస్తి.

ఆత్మకూరు వైపు వస్తే పని మారుతుంది. ఊరికి దగ్గర్లోని ఏ.ఎస్. పేట దర్గా గంధోత్సవం లాంటి రాత్రి ఊరేగింపుల్లో ట్రైపాడ్‌కు చోటెక్కడిది? 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు, ఐఎస్‌ఓ 3200 దాకా పోవడానికి తెగింపు ఉంటే చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/100 లేదా 1/50 ఉంటే ఫొటోలో అడ్డచారలు పడవు. ఫ్లాష్ వాడకపోవడమే మంచిది, దీపాల రంగంతా కొట్టుకుపోతుంది.

పెన్నానది వెలిగొండలను చీల్చుకొచ్చే సోమశిల దగ్గర సంజవేళ అందం. అయితే ఈ అక్షాంశంలో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు. ఆకాశం మంచి నీలంలో ఉండేది పొద్దుగూకిన పావుగంట తర్వాత, ఒక ఇరవై నిమిషాలే. అప్పటికే ట్రైపాడ్ పాతుకుని ఉండాలి.

నెల్లూరు సీమ ఫొటోగ్రాఫర్లకు ఇంకో భాగ్యముంది: రాకెట్లు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా ఆత్మకూరుకు తిన్నగా 120 కిలోమీటర్ల దూరమే, ఆగ్నేయంగా. 2024 డిసెంబర్ 30 రాత్రి పదింటికి స్పేడెక్స్ ఉపగ్రహాలతో లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 లాంటి ప్రయోగాలకు ఐఎస్‌ఓ 200, ఎఫ్ 5.6 పెట్టి, బల్బ్ మోడ్‌లో, చెట్ల పైన మొదటి మెరుపు కనబడగానే షట్టర్ తెరవాలి. మొదటి దశ మండేది దాదాపు 110 సెకన్లు. అది ఆరిపోయేదాకా తెరిచే ఉంచితే నిప్పు గీత మొత్తం ఒక్క ఫొటోలో వస్తుంది.

ఈ పనులకు జనవరి, ఫిబ్రవరి అన్నివిధాలా అనువైనవి. ఈశాన్య రుతుపవనాల మబ్బులు తొలగిపోతాయి, సెన్సర్ చల్లగా ఉంటుంది. సెన్సర్ వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే దానిలో పుట్టే అనవసరపు సంకేతం సుమారు రెట్టింపవుతుంది. మే నెల ఉక్కలో తీసిన ఫొటోల నిండా రంగురంగుల రేణువులు కనబడేది అందుకే.

చలికాలంలోనే చేయదగ్గ పని ఇంకొకటుంది. తెల్లటి ఎల్‌ఈడీ వీధి దీపాలు పల్లెల దాకా వచ్చేశాయి. వాటి వల్ల ఉదయగిరి ఆకాశం ఎంత మారుతోందో తెలుసుకోవడానికి ఏటా పుష్య అమావాస్య రాత్రి, ఒకే వేళకు, ఒకే చోటు నుంచి, ఒకే లెన్సుతో, ఐఎస్‌ఓ 1600, ఎఫ్ 3.5, 15 సెకన్లకు ఒక్క ఫొటో తీసి, రా ఫైలును దిద్దకుండా దాచిపెడితే చాలు. ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఒక్క స్టూడియో పూనుకున్నా జరిగే పని ఇది.