తొందరపడని నిప్పు

సుట్టా, నీ పొగడ్త నీళ్ల దగ్గర మొదలవ్వాలి. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం కాడ ప్రాణహితను కలుపుకున్న గోదావరి భద్రాచలం దాటి, పాపికొండల సందున ఒదిగి నడిచి, రాజమండ్రి దిగువన పాయలుగా విచ్చుకొని లంకల మీద ఒండ్రు పరుస్తుంది. వరద తీశాక ఆ మెత్తటి మట్టిలోనే పొగాకు నారు నాటుతారు. ఎగువన మా అడవులను కడిగిన నీరే దిగువన నీలో ఘాటై నిలిచింది. ఆ ఘాటు ఎంత దూరం పోయిందని! 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో, బూడిద చూసి పొగాకు రకం చెప్పగల షెర్లాక్ హోమ్స్ తన విద్యకు ఉదాహరణగా ఎత్తుకున్నది మన లంక చుట్టనే.

గూడూరు, కొత్తగూడ, గంగారం, మహాదేవపూర్ అడవుల్లో నీకు చుట్టాలున్నారు. ఎండలు ముదిరేవేళ తునికి పొదలు లేతాకు తొడుగుతాయి. తెల్లవారకముందే అడవికి పోయిన ఆడోళ్లు ఆకు తెంపి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఎండబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక బస్తా. అదంతా నీ చెల్లెలు బీడీకి పోతుంది. బీడీ పనివాళ్ల తోడు, నాలుగు దమ్ముల్లో ముగుస్తుంది. నీకు మాత్రం పొద్దు కావాలి. ఊళ్లో ముసలోళ్లు పొగాకును మోదుగాకులో చుట్టుకునేటప్పుడే నీ సుఖం మొదలవుతుంది. ఈనె తీసి, ఆకు సాపు చేసి, అరచేతుల మధ్య పొర్లిస్తుంటే వేళ్లకే వాసన తెలుస్తుంది. మరీ ఎండితే గొంతు గీరుతావు, చెమ్మ పడితే అంటుకోవు. నీ పదును తెలిసినోళ్లు చెవి దగ్గర మెల్లగా నొక్కి, ఆ సప్పుడు విని చెప్పేస్తారు.

చెకుముకి రాయి, ఉక్కుముక్క, దూది. ఎనుకట నిన్ను వెలిగించడమే ఒక ఓపిక. ఇప్పుడు అగ్గిపెట్టె ఉన్నా కొనను మంటలో ముంచకూడదు. మంటకు కొంచెం ఎడంగా పట్టి, తిప్పుతూ, అంచు చుట్టూ సమంగా ఎర్రబడనివ్వాలి. దమ్మును గుండెల్లోకి దించక పుక్కిట పట్టాలి, నాలుక మీద కారం, ఆ వెనకే తీపి తెలిసేదాకా ఉంచి వదలాలి. మళ్లీ నిమిషం ఆగాలి. వెంటవెంటనే లాగితే వేడెక్కి చేదవుతావు. బూడిదను దులపొద్దు, అది నిప్పు మీద కప్పిన గొంగడి, దాని కిందే నువ్వు చల్లగా కాలుతావు.

నిన్ను పొగిడే నోటితోనే ఇదీ చెప్పాలి: రోజూ, పూటపూటా తాగినోళ్ల నోటికీ గొంతుకూ నువ్వు చేసిన చేటు చిన్నది కాదు. మా పల్లెల్లో ఆ బాధ పడ్డ అవ్వలూ ఉన్నారు, తాతలూ ఉన్నారు. నేను మొక్కేది ఎప్పుడో ఒకనాటి సుట్టకు, కోతలైనంక కల్లం కాడ కూర్చుని తాగే ఆ ఒక్కదానికి.

ఎందుకంటే నువ్వున్నచోట మాట ఆగదు. జనగామ చెలకల మీద, బాయిగడ్డన, వేపచెట్టు కింద నలుగురు కూడితే నీ చుట్టూనే కథ నడిచింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య విసునూరు దొర గుండాల తూటాకు ఒరిగిన కథ, పాలకుర్తి అయిలమ్మ తన పంటను గడీకి పోనియ్యని కథ మాదాకా వచ్చింది పుస్తకాల్లోంచే కాదు, ఈ పొగలోంచి కూడా. దమ్ముకూ దమ్ముకూ నడుమ చెప్పేటాయన ఊరుకుంటాడు. ఆ కాసేపట్లో ఆ దొర గుండాలు ఎంతదాకా వచ్చిండ్రో, జనం ఎన్ని వడిసెలలు పట్టుకున్నరో వినేవాళ్ల కళ్లముందు కదులుతుంది. కథ ముదిరినచోటే నువ్వు ఆరిపోతావు.

"తర్వాత ఏమైంది తాతా?"

"నిప్పియ్యి బిడ్డా, చెప్త."