పని నడకకు పటము: గుణదోషములు

కార్యాలయములో జరుగు పనిని మొదటినుండి చివరివరకు బొమ్మగా గీయుట కొత్త విషయము కాదు. 1921లో గిల్‌బ్రెత్ దంపతులు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము ఎదుట ఇట్టి పటములను వివరించిరి. నేడు వీనిని కంప్యూటరు తెరపై గీయుచున్నారు. ఇందుకు విరివిగా వాడు గుర్తుల భాష పేరు బి.పి.ఎం.ఎన్. దాని 2.0 రూపము 2011లో వెలువడి, 2013లో అంతర్జాతీయ ప్రమాణమైనది.

ఇందు వృత్తము పని యొక్క ఆరంభమును, ముగింపును తెలుపును. గుండ్రని మూలల దీర్ఘచతురస్రము ఒక పనిని, బాణము క్రమమును, మూలపై నిలిపిన చతురస్రము దారులు చీలు లేక కలియు కూడలిని చూపును. ఎవరి పని వారి పట్టీలో ఉండును. గుమాస్తాకు అర్థమగు ఈ బొమ్మనే, తగిన వివరములు చేర్చినచో, కంప్యూటరు ఆజ్ఞగా గ్రహించి నడపగలదు. ఈ భాష యొక్క ముఖ్యగుణము ఇదియే.

అయితే చూపునకు చక్కగా ఉన్న పటమెల్ల సరియైన పటము కాదు. ఒక విద్యార్థి బదిలీ పత్రము కోరెననుకొందము. బకాయి ఉన్నచో ఒక దారి, లేనిచో మరియొక దారి. ఈ చీలికకు × గుర్తు గల కూడలి తగును. దరఖాస్తు ఒక్క దారినే పోవును. ఆ దారులను మరల కలుపుచోట పొరపాటున + గుర్తు పెట్టినచో, ఆ కూడలి రెండు దారులనుండియు రాకకై వేచియుండును. రెండవ దారిన వచ్చునది లేదు గనుక పత్రము ఎన్నటికిని చేతికందదు. గీతలు కలిసినవా లేదా అని మాత్రమే చూచు పరికరము ఈ దోషమును పట్టజాలదు. జర్మన్ గణితవేత్త కార్ల్ ఆడమ్ పెట్రి 1962 నాటి సిద్ధాంతగ్రంథమునుండి పెరిగిన శాస్త్రము ఇట్టి చిక్కులను గణితరీత్యా పరీక్షించును.

రెండవ లోపము గుర్తుల బాహుళ్యము. 2008లో త్సుర్ మ్యూలెన్, రెక్కర్ అను పరిశోధకులు 120 పటములను పరిశీలించి, సగటు పటము అందుబాటులోని గుర్తులలో ఐదవవంతుకంటె తక్కువే వాడుచున్నదని కనుగొనిరి. అయినను 2.0 రూపములో గుర్తులు తగ్గలేదు, పెరిగినవి. వాడుకలో లేని అక్షరములతో వర్ణమాలను నింపుట నేర్చువానికి భారమే.

కావున తరగతిలో నాలుగైదు గుర్తులు చాలును. గ్రంథాలయములో పుస్తకమిచ్చు పద్ధతిని నేలపై సుద్దతో గీయించి, దారివెంట ఒక చింతపిక్కను నడిపించవలెను. దారులు జంటగా చీలు + కూడలివద్ద పిక్కలు రెండగును. కలియుచోట తిరిగి ఒకటగును. పిక్క ఎక్కడ ఆగిపోవునో పటములోని తప్పు అక్కడనే బయటపడును.