గచ్చిబౌలి బండల దగ్గర సైన్సు పాఠం

పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అనే నాలుగు మెట్లనే శాస్త్రీయ పద్ధతిగా పిల్లల చేత వల్లె వేయించడం మన బడుల్లో ఎంతగా స్థిరపడిపోయిందంటే, ప్రయోగశాలలో చేసి చూపలేనిది సైన్సు కాదేమోనన్న భావన పదో తరగతి దాటిన విద్యార్థిలోనూ మిగిలిపోతోంది. 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం ఆధారంగా వచ్చిన పాఠ్యపుస్తకాలు ప్రశ్నించడాన్ని, పరికల్పన చేయడాన్ని, అంటే కనిపించినదానికి పరీక్షకు నిలబెట్టదగిన కారణాన్ని ఊహించడాన్ని, విద్యాప్రమాణాల్లో చేర్చి మేలే చేశాయి. ప్రయోగాల పక్కన క్షేత్ర పరిశీలనలకూ చోటిచ్చాయి. అయితే ప్రయోగానికి లొంగని గతాన్ని శాస్త్రం ఎలా తెలుసుకుంటుందో పిల్లలకు అర్థం కావాలంటే పుస్తకం చాలదు, తగిన చోటు కావాలి. సైబరాబాద్ పిల్లలకు ఆ చోటు బడికి దగ్గరలోనే ఉంది.

ఇదే హైదరాబాద్ నగరంలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో ఆ వ్యాధి పరాన్నజీవిని చూడగలిగాడంటే, ఏ దోమను ఎవరి మీద వదలాలో, ఎన్నో రోజున కోసి చూడాలో నిర్ణయించుకునే వీలు ఆయనకు ఉండబట్టే. ఖాజాగూడ గుట్టల మీదగానీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు బండ దగ్గరగానీ పరిశోధకుడికి అలాంటి వీలు లేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్‌ను మళ్లీ కరిగించి, గడ్డకట్టించి, ఎండావానలకు వదిలి ఫలితం కోసం ఎదురుచూడటం ఎవరి తరమూ కాదు. అయినా ఆ బండలు ఒకదానిపై ఒకటి ఎలా నిలిచాయో భూవిజ్ఞానులు నమ్మకంగా చెబుతున్నారు. ఆ నమ్మకానికి ఆధారమేమిటో చూపడమే అసలు పాఠం.

అది పిల్లల ఊహలతోనే మొదలుకావాలి. వరద దొర్లించి తెచ్చిందని ఒకరు, భూకంపం కుదిపి పేర్చిందని మరొకరు అనవచ్చు. వాటిని కొట్టిపారేయకుండా, ఆ ఊహే నిజమైతే ఇక్కడ ఇంకేం కనిపించాలని అడగడం ఉపాధ్యాయుడి పని. వరద తెచ్చినవైతే వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రకరకాల రాళ్లు, గులకరాళ్లు, ఇసుక కలగలిసి ఉండాలి. చూడబోతే పై బండ, కింది బండ, వాటిని మోస్తున్న పరుపు బండ అన్నీ ఒకే గ్రానైట్.

భూవిజ్ఞానుల వివరణ ప్రకారం ఆ బండలు ఎక్కడినుంచీ రాలేదు. నేల కింద ఉన్నప్పుడే గ్రానైట్ నిలువు, అడ్డ పగుళ్లతో దిమ్మెలుగా విడిపోయింది. పగుళ్లలోకి ఇంకిన నీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాన్ని మెల్లగా బంకమట్టిగా మార్చగా, మారని క్వార్ట్జ్ రేణువులు దానితో కలిసి మనం మొరం అని పిలిచే వదులు పదార్థంగా మిగిలాయి. ఉన్నచోటనే రాయి ఇలా చివికిపోవడం శైథిల్యం. దిమ్మె మూలను నీరు మూడు వైపుల నుంచి, అంచును రెండు వైపుల నుంచి, ముఖాన్ని ఒకే వైపు నుంచి తాకుతుంది గనుక మూలలు ముందుగా అరిగి లోపల గుండ్రని రాయి మిగులుతుంది. తర్వాత వానలు మొరాన్ని కొట్టుకుపోతే, అంటే క్రమక్షయం జరిగితే, ఆ గుండ్లు ఉన్నచోటనే బయటపడతాయి. ఇది నిజమైతే సగంలో ఆగిన దశ నేలలో ఎక్కడో కనిపించి తీరాలి. ఐటీ కారిడార్‌లో సెల్లార్ల కోసం తవ్విన గోతుల అంచుల్లో, మొరంలో ఇంకా కూరుకుపోయి ఉన్న గుండ్రాళ్లూ వాటి కింద పగుళ్లు బారిన గట్టి రాయీ ఆ దశనే చూపుతాయి. శాస్త్రంలో ఊహకు బలం వచ్చేది ఇలా, అది చెప్పినది చెప్పినచోట దొరికినప్పుడు.

ఘనాకారంలో కోసిన పటిక ముక్కను నీటిలో ఉంచితే మూలలు ముందు అరగడాన్ని తరగతిలోనే చూపవచ్చు. అయితే ఆ ప్రయోగం మూలలు అలా అరగడం సాధ్యమని మాత్రమే చెబుతుంది, గచ్చిబౌలిలో అలాగే జరిగిందని చెప్పదు. ఈ తేడాను పిల్లలకు స్పష్టం చేయని పాఠం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అసంపూర్ణమే.

గ్రానైట్ వయసు విషయంలోనూ అంకెను కంఠస్థం చేయించడంకన్నా అది ఏ ఆధారం మీద నిలిచిందో చెప్పడం ముఖ్యం. ఆ రాతిలోని జిర్కాన్ అనే స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియంను తనలోకి తీసుకుని సీసాన్ని దాదాపుగా రానివ్వదు గనుక, ఇప్పుడు అందులో ఉన్న సీసం తర్వాత యురేనియం క్షయం వల్ల పుట్టిందని లెక్కగడతారు. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి పట్టే కాలం, అంటే దాని అర్ధజీవిత కాలం, సుమారు 447 కోట్ల ఏళ్లు. యురేనియం-235కు సుమారు 70 కోట్ల ఏళ్లు. వేర్వేరు వేగాలతో నడిచే ఈ రెండూ ఒకే వయసు చూపితే ఆ అంకెను నమ్ముతారు, చూపకపోతే స్ఫటికం నుంచి సీసం జారిపోయిందేమోనని అనుమానిస్తారు.

రాళ్లను కాపాడే సంఘం 1996లో ఏర్పడి ఇక్కడి శిలారూపాల కోసం పనిచేస్తున్నా, సెల్లార్ గోతిలో కనిపించే ఆధారం రిటైనింగ్ వాల్ లేచేవరకే ఉంటుంది. అందుకని ఉపాధ్యాయులు అనుమతి తీసుకుని, స్కేలు పక్కన పెట్టి ఆ అంచులను ఫొటో తీసి దాచుకోవడం అవసరం. విద్యార్థులు మాత్రం గుట్టల దగ్గరికే వెళ్లాలి. పగుళ్లు దగ్గరగా ఉన్నచోట చిన్న బండలు, దూరంగా ఉన్నచోట పెద్ద బండలు ఉండాలని ముందే రాసుకుని, టేపుతో కొలిచి, ఆ అంచనాకు కుదరని బండలను కూడా కొట్టివేయకుండా నోట్‌బుక్‌లో నమోదు చేసిన విద్యార్థికి ప్రాజెక్టు మార్కులు పూర్తిగా ఇవ్వాలి.