ఉమ్మెత్త పనితనం

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తే ప్రహరీగోడల వారన, చెత్త పోసే ఖాళీ జాగాల్లో ఉమ్మెత్త కనబడుతుంది. వినాయక చవితినాడు మాత్రం దానికి మర్యాద. 21 రకాల పత్రిలో ఒకటిగా పూజపీట ఎక్కుతుంది. మర్నాటి నుంచి మళ్ళీ పిచ్చిమొక్కే. నన్నడిగితే, ఈ రద్దీలో ఇంత పొందికైన పనిమంతురాలు మరొకరు లేరు.

తొలకరికి మొలుస్తుంది. కొమ్మ రెండుగా చీలిన చోటల్లా ఆ పంగలో ఒక మొగ్గ పెడుతుంది. మొగ్గ ముడిచిన గొడుగులా మెలితిరిగి ఉంటుంది. పొద్దుగుంకే వేళ ఆ మడతలు విప్పుకుని తెల్లటి బాకా అవుతుంది. ఆ ఏర్పాటంతా పొడుగు తొండం ఉన్న రాత్రి చిమ్మటల కోసం. మర్నాడు ఎండ ముదిరేసరికి పువ్వు వాడిపోతుంది. నిటారుగా నిలిచిన పువ్వు కాయగా మారేసరికి తల దించుకుంటుంది. పువ్వును పట్టుకున్న ఆకుపచ్చ గొట్టం ఊడిపోయినా, దాని అడుగు మాత్రం మిగిలి, ముళ్ళకాయ తొడిమ దగ్గర గుండ్రటి కాలరులా విచ్చుకుంటుంది. కాయ చేతికందితే ముందు చూడాల్సింది దాన్నే. ఎండిన కాయ అడ్డదిడ్డంగా పగిలి గింజలు రాలుస్తుంది. అవన్నీ ఒక్క వానకే మొలవవు, కొన్ని మట్టిలో ఏళ్ళ తరబడి ఆగుతాయి.

గింజ చూడ్డానికి మిరపగింజలా ఉంటుంది. ఉండదూ మరి, మిరప, టమాటా, వంగ దీని చుట్టాలే! ఈ గింజల పొడి తిండిలో కలిపి, మైకంలో పడ్డ బాటసారులనూ రైలు ప్రయాణికులనూ దోచుకున్న దొంగల కథలు మన దేశంలో కొల్లలు.

ఆకులో, పువ్వులో, గింజలో ఉండే హయోసయమిన్, స్కోపొలమిన్ అనే ఆల్కలాయిడ్లు ప్రధానంగా తయారయ్యేది వేళ్ళలో. అక్కణ్ణుంచి నీటితోపాటు పైకెక్కి ఆకుల్లో చేరతాయి. టమాటా కొమ్మను ఉమ్మెత్త వేరుకు అంటుకడితే టమాటాలోకీ విషం వస్తుంది. ఉమ్మెత్త కొమ్మను టమాటా వేరుకు కడితే ఆకుల్లో విషం బాగా తగ్గిపోతుంది. వంటిల్లు నేలకింద పెట్టి, కాపలా పైన పెట్టిన తెలివి అది.

వేరుచేసి శుద్ధి చేసేటప్పుడు హయోసయమిన్ అట్రోపిన్‌గా మారుతుంది. కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు అదే. పురుగుమందు తాగినవాళ్ళకు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షనూ అదే. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లో నరాల కబుర్లు మోసే అసిటైల్‌కోలిన్‌ను పేర్చేస్తుంది. నోట్లో, ఊపిరితిత్తుల్లో నీరూరి ఊపిరాడదు, గుండె నెమ్మదిస్తుంది. అట్రోపిన్ ఆ అసిటైల్‌కోలిన్ దారికి అడ్డం పడుతుంది. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గి నాడి పుంజుకునేదాకా డాక్టర్లు మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తారు. మోతాదు మించితే నోరు పిడచగట్టి, ఒళ్ళు కాలి, రోగి ఉమ్మెత్త తిన్నవాడిలాగే గాల్లో ఏవో ఏరుకుంటూ కలవరిస్తాడు.