విప్పకుండా చెప్పే విద్య

ఇబ్రహీంపట్నంలో రాత్రీ పగలూ లారీలే. హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి దిగే 30వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. 1979లో తొలి యూనిట్ మొదలైన థర్మల్ కేంద్రం, ఇప్పటి నార్ల తాతారావు కేంద్రం, ఇక్కడే ఉంది. దాని బూడిద సిమెంటు ఫ్యాక్టరీలకూ ఇటుకల తయారీకీ వెళుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. లారీ ఇంజన్‌కు ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు గొట్టం కాస్త చీలితే చాలు, ఆ గరుకు ధూళి నేరుగా సిలిండర్లలోకి పోయి లైనర్లనూ పిస్టన్ రింగులనూ అరగదీస్తుంది.

అలాంటి బండి ఒకటి పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోక, తెల్లపొగ కక్కి, చివరికి షెడ్డుకు చేరుతుంది. ‘బోరుకొచ్చింది, ఇంజన్ దించేద్దాం’ అనడం తేలిక. ఆ మాట అనేముందు గేజి బయటికి తీసే మేస్త్రి పనితనం గురించే ఈ వ్యాసం.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. డీజిల్‌ను అంటించేది అదే. సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను నిమిషానికి సుమారు 200 చుట్లు తిప్పుతుంది. అంత మెల్లగా తిరిగేటప్పుడు అరిగిన రింగుల పక్కనుంచి గాలి జారిపోవడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. వేడి చాలక డీజిల్ మండకుండానే తెల్లపొగై బయటపడుతుంది. ఒకసారి అందుకున్నాక వేగం పెరిగి ఆ వ్యవధి తగ్గిపోతుంది. అందుకే పొద్దున మొరాయించిన బండే మధ్యాహ్నం మామూలుగా లోడు లాగుతుంది.

సిలిండర్‌లో గాలి నిలుస్తోందో లేదో చెప్పే పరీక్షలు రెండు. మొదటిది కంప్రెషన్ టెస్టు. దీని నమ్మకమంతా ముందు చేసుకునే ఏర్పాట్లలో ఉంది. ఇంజన్ వేడిగా ఉండాలి. డీజిల్ సరఫరా ఆపాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. మధ్యలో డీలా పడితే చివరి సిలిండర్‌కు లేని జబ్బు అంటగడుతుంది. ఇంజెక్టర్లు తీసి, ఒక్కో రంధ్రానికీ గేజి బిగించి, అన్నిటికీ ఒకే లెక్కన సెల్ఫ్ కొట్టాలి. మంచి మేస్త్రి ముల్లు ఎక్కడ ఆగిందో చూస్తాడు, ఎలా ఎక్కిందో కూడా చూస్తాడు. బాగున్న సిలిండర్‌లో మొదటి దెబ్బకే బాగా లేస్తుంది. రింగులు అరిగిన చోట మెట్టు మెట్టుగా ఎక్కుతుంది.

బాగున్న డీజిల్ ఇంజన్ సాధారణంగా 350 నుంచి 450 పీఎస్ఐ చూపుతుంది. కచ్చితమైన లెక్క కంపెనీ మాన్యువల్‌దే. సిలిండర్ల మధ్య తేడా ఇంకా ఎక్కువ చెబుతుంది. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఆరూ కలిసి దిగితే వయసో, ధూళో. ఒక్కటే పడితే దాని రింగో, వాల్వో. పక్కపక్క రెండూ పడితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

గాలి పోతోందని తేలింది. ఎటు పోతోందో లీక్‌డౌన్ టెస్టు చెబుతుంది. పంక్చరు వేసేవాడు ట్యూబులో గాలి నింపి నీళ్లలో ముంచినట్టు, ఇక్కడ కదలకుండా నిలిపిన సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపుతారు. అందుకు పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు చివర, సరిగ్గా పైన నిలవాలి. 1-5-3-6-2-4 వరుసలో పేలే ఇంజన్‌లో ఒకటో పిస్టన్, ఆరో పిస్టన్ జంటగా లేస్తాయి. మేస్త్రి బార్‌తో క్రాంకును తిప్పుతూ ఆరో సిలిండర్ మీద కన్నేస్తాడు. అక్కడ ఒక వాల్వు మూసుకుంటూ రెండోది తెరుచుకోబోతుండగా ఆపి, ఒకటో సిలిండర్ రాకర్లను వేళ్లతో కదుపుతాడు. రెండూ వదులుగా ఆడితే పిస్టన్ చోటుకొచ్చినట్టే. ఏ కాస్త తప్పినా గాలి తోపుకు ఇంజన్ తిరిగి, బార్ చేతిని విరగ్గొట్టగలదు. అందుకే ఫ్లైవీల్ కదలకుండా బిగించి, బార్ తీసి పక్కన పెట్టాకే వాల్వు మెల్లగా తెరుస్తాడు.

పరికరంలో రెండు గేజీలు, వాటి మధ్య సన్నని రంధ్రం. మొదటిది 100 చూపుతుండగా రెండోది 90 చూపితే పది శాతం పోతున్నట్టు లెక్క. రింగు కొసల మధ్య సందు ఉంటుంది కనుక కొత్త ఇంజన్‌లోనూ కొంత పోతుంది. ఇరవై దాటితే ఆలోచించాలి.

ఇక చెవి పని. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, లైనర్. టర్బో గొట్టం ఊడదీసి గాలి లోపలికెళ్లే దారిలో వింటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్ దారిలో అయితే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్, లేదా హెడ్‌లో పగులు. సైలెన్సర్‌లో శబ్దం వినగానే హెడ్ దించమనడు. మెత్తని సుత్తితో వాల్వు కాడ మీద చిన్నగా తడతాడు. సీటు మీద ఇరుక్కున్న మసి పెళ్ల ఎగిరిపోతే బుస్ ఆగి ముల్లు లేస్తుంది. అప్పటికీ ఆగకపోతేనే వాల్వు కాలిందంటాడు. అమెరికాలో చిన్న పిస్టన్ విమానాల ఏటేటి తనిఖీలోనూ 80 పీఎస్ఐ గాలితో ఇలాగే కొలిచి, సిలిండర్ల వారీగా రాసిపెడతారు.

రాసిపెట్టే ఆ అలవాటు మన షెడ్డుల్లోనూ పాతుకోవాలి. ఇక్కడ కూలీ అంతా విప్పి బిగించడానికే దక్కుతుంది. ‘ఇంజన్ జోలికెళ్లొద్దు అన్నా, ముందు చీలిన ఆ ఫిల్టర్ గొట్టం మార్పించు’ అన్న మేస్త్రి తన చేతికి రాబోయే పెద్ద పనిని వదులుకుంటున్నాడు. ఓనర్లు పరీక్షకు విడిగా కూలీ ఇవ్వాలి. ఆరు అంకెలు, తేదీ, కిలోమీటర్లు ఉన్న చీటీ అడిగి తీసుకోవాలి. మరుసటి ఏడు అదే పద్ధతిలో తీసిన అంకెలు పక్కన పెడితే అరుగుదల ఎంత వేగంగా సాగుతోందో తెలుస్తుంది. ఇంజన్ పనికి డబ్బు ఎప్పుడు సమకూర్చుకోవాలో బండి రోడ్డు మీద ఆగకముందే తేలుతుంది. పరీక్షకు విలువ కట్టినప్పుడే నేర్చుకునే కుర్రాళ్లూ స్పానర్ కంటే ముందు గేజి పట్టుకుంటారు.