కళ్లు మూసుకుంటే లేచే అల

మెదడు తరంగాలు కొలిచే ఈఈజీ ప్రాక్టికల్ రేపు ఉందనగా విద్యార్థికి ముందుగా చెప్పాల్సింది యంత్రం సంగతి కాదు, కొబ్బరినూనె సంగతి. తలంటుకుని రావాలి, నూనె మాత్రం రాసుకోకూడదు. ఉద్దానం కొబ్బరితోటలున్న శ్రీకాకుళం జిల్లాలో ఈ నియమం పాటించడం అనుకున్నంత సులువు కాదు. నూనె పొర విద్యుత్తును అడ్డుకుంటుంది. మెదడులో పుట్టి పుర్రె దాటి నెత్తి చర్మం మీదికి వచ్చేసరికి ఆ సంకేతం పదుల మైక్రోవోల్టులకు మించదు. ఈసీజీలో గుండె ఇచ్చే సంకేతం మిల్లీవోల్టు వరకూ ఉంటుంది. దాని ముందు ఇది ఏ ఇరవయ్యో వంతో, యాభయ్యో వంతో.

అందుకే ఈ పనిలో సగం ఓపిక యంత్రం మీట నొక్కకముందే ఖర్చయిపోతుంది. టేపు తీసుకుని ముక్కు మొదలు దగ్గరి గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా కొలుస్తారు. ఆ దూరంలో పది శాతం, ఇరవై శాతం లెక్కన స్కెచ్ పెన్నుతో గుర్తులు పెడతారు. హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రకటించిన ఈ 10–20 పద్ధతినే ప్రపంచమంతా వాడుతోంది. పెద్ద బుర్రయినా చిన్న బుర్రయినా ఎలక్ట్రోడు పడే చోటు మారకుండా ఉండటం దాని కిటుకు. ఎడమ స్థానాలకు బేసి అంకెలు, కుడి స్థానాలకు సరి అంకెలు. విద్యార్థుల ల్యాబ్‌కు అందులోని ఇరవై ఒక్క స్థానాలూ అక్కర్లేదు, మూడు చాలు: తల వెనక ఒకటి, చెవితమ్మెకు ఒకటి, నుదుటి మీద ఒకటి. చర్మాన్ని స్పిరిట్ దూదితో రుద్ది, పేస్టు పెట్టి, నిరోధం అయిదు కిలో ఓమ్‌లలోపు దిగేదాకా సవరించాలి. ఇక్కడ తొందరపడిన జట్టు తర్వాత గంటసేపు గీతలకేసి చూస్తూ కూర్చోవాల్సిందే.

"ఏటండీ, నా మనసులో మాట దీన్లో పడిపోద్దేటి?" అని కుర్చీలో కూర్చున్న కుర్రాడు అడుగుతాడు. పడదు. సిరిమానోత్సవం నాడు విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి నాలుగు వీధుల అవతల నిలబడితే ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో వినిపించదు. సిరిమాను కదిలినప్పుడు లక్షమంది ఒక్కసారిగా వేసే కేక మాత్రం వినిపిస్తుంది. ఎలక్ట్రోడుకు అందేదీ అంతే. ఒక్క నాడీకణం గొంతు దానికి అందదు. మెదడు పైపొర అయిన వల్కలంలో పక్కపక్కన నిటారుగా ఉన్న కణాలు వేలకు వేలు ఒకే ఊపులో కదిలితేనే గీత పైకి లేస్తుంది.

కుందేళ్ల, కోతుల మెదళ్లలో ఈ విద్యుత్తు ఉందని లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ 1875లోనే చెప్పాడు. మనిషి తల మీద దాన్ని మొదట నమోదు చేసినవాడు జర్మనీలో యేనా నగరపు మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో మొదలుపెట్టి, అయిదేళ్లు దాచుకుని, 1929లో అచ్చు వేశాడు. కన్నకొడుకును కూడా కూర్చోబెట్టి కొలిచాడు. అయినా చాలామంది నమ్మలేదు. నోబెల్ గ్రహీత ఎడ్గార్ ఏడ్రియన్, కేంబ్రిడ్జిలో మాథ్యూస్‌తో కలిసి 1934లో అదే ప్రయోగం తిరిగి చేసి చూపాకే లోకం ఒప్పుకుంది. విద్యార్థి ఈనాడు చేసేది కూడా ఆ ప్రయోగమే.

చేయాల్సిందల్లా ఒక నిమిషం కళ్లు తెరిచి ఉండటం, ఒక నిమిషం మూసుకోవడం, మళ్లీ తెరవడం. తెరిచినప్పుడు గీత సన్నగా, గజిబిజిగా సాగుతుంది. మూసుకున్న కొద్ది క్షణాల్లో తల వెనక నుంచి సెకనుకు పది చొప్పున నున్నని అలలు లేస్తాయి. అదే ఆల్ఫా: 8 నుంచి 13 హెర్ట్జ్. తెరవగానే మాయం. కళ్లు మూసుకునే ఉన్నా, మూడువందల నుంచి పదిహేడు చొప్పున తీసివేస్తూ లెక్క చెప్పమంటే చాలామందిలో ఆ అల తగ్గుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆల్ఫా పల్చన. అందులో జబ్బేమీ లేదు, తెలివితక్కువతనమూ లేదు. ఆ మాట వాళ్లకు ముందే చెప్పడం మర్యాద.

ఇక విశ్లేషణ. నా మాట వింటే కంప్యూటర్‌ను కాసేపు పక్కన పెట్టాలి. కాగితం సెకనుకు 30 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి స్కేలు పెట్టి, మూడు సెంటీమీటర్లలో ఎన్ని శిఖరాలున్నాయో వేలితో లెక్కపెట్టాలి. పది వస్తే పది హెర్ట్జ్. ఆ తర్వాతే ఫోరియర్ పద్ధతి. సెకనుకు 250 నమూనాలు తీసి, రెండేసి సెకన్ల ముక్కలుగా కోసి, ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తి ఉందో గీయిస్తే అర హెర్ట్జ్ తేడా కూడా తెలుస్తుంది. కళ్లు మూసినప్పటి ఆల్ఫా శక్తిని తెరిచినప్పటి దానితో భాగిస్తే ఒక్క అంకె చేతికొస్తుంది. వేలితో లెక్కపెట్టకుండా నేరుగా ఆ అంకె దగ్గరికి వెళ్లినవాళ్లు, యాభై హెర్ట్జ్ దగ్గర నిలువుగా లేచిన గీతను చూసి మెదడు అద్భుతమనుకుంటారు. అది గోడలో ఉన్న కరెంటు.

ఈ ప్రాక్టికల్ విలువంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మెదడు కానిదాన్ని ఏరి పారేయడం ఇందులోనే అలవాటవుతుంది. కంటి ముందు భాగం వెనక భాగం కన్నా ధనావేశంతో ఉంటుంది కనుక రెప్ప కొడితే నుదుటి ఎలక్ట్రోడులో వంద మైక్రోవోల్టులు దాటే గుట్ట లేస్తుంది. పళ్లు బిగిస్తే గీత నల్లటి పట్టీ అవుతుంది. మే నెల ఉక్కపోతలో చెమట పట్టిందా, గీత మొత్తం నెమ్మదిగా తేలిపోతూ పైకీ కిందికీ ఊగుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేస్తే యాభై హెర్ట్జ్ రొద చాలావరకు తగ్గుతుంది. సొంతంగా ఆర్డుయినో బోర్డుతో యాంప్లిఫయర్ కట్టే ఇంజనీరింగ్ పిల్లలకైతే ఇది రొద సంగతి కాదు, ప్రాణం సంగతి: మనిషి తలకు తగిలించిన బోర్డు బ్యాటరీ మీదే నడవాలి. ఏకాగ్రతను అంకెల్లో చూపిస్తామని అమ్మే నుదుటి పట్టీలు చాలాసార్లు నుదుటి కండరాన్నే కొలుస్తాయి. కొనేముందు ఒకసారి కనుబొమ్మలు ముడిచి చూడండి.

2019 బ్యాచ్ నుంచి అమలైన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో, సహజమైన ఈఈజీ రూపాలను గుర్తించడం శరీరధర్మశాస్త్రం కింద చేరింది. శ్రీకాకుళం రిమ్స్ అయినా, రాగోలు జెమ్స్ అయినా, నెల్లిమర్ల మిమ్స్ అయినా, 2023లో తెరిచిన విజయనగరం ప్రభుత్వ కళాశాల అయినా మొదటి ఏడాది పిల్లలందరికీ అదే పాఠం. ఈ జిల్లాల్లో దాని అవసరం వేరు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలుసు. రక్తంలో యూరియా వంటి వ్యర్థాలు పేరుకుని మెదడు మందగిస్తే తల వెనక లయ కూడా మందగిస్తుంది. పది ఉండాల్సింది ఏడుకో ఆరుకో దిగుతుంది. తోటి విద్యార్థి తలలో పదిని కళ్లారా చూసినవాడే ఆ ఆరును పోల్చుకోగలడు. మూర్ఛ సంగతీ అంతే. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళంచెవులు పెట్టే ఊళ్లింకా ఉన్నాయి. గీత మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదని కాదని ఈఈజీ చదివినవాడికి తెలుస్తుంది. పెళ్లికి మూర్ఛను అడ్డంకిగా చూపే నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారని ఆ ఇంటివాళ్లకు చెప్పేవాడూ అతనే కావాలి.

విజయనగరానికి ప్రత్యేకంగా నప్పే ప్రయోగం ఒకటుంది. 1919లో గాన పాఠశాల పెట్టిన ఊరు ఇది. దానికి మొదటి అధ్యక్షుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఏకకాలంలో అయిదు తాళాలు వేసి పంచముఖీ పరమేశ్వర బిరుదు పొందినవాడు. ఆ తలలో ఏం జరిగిందో ఈఈజీతో తెలిసేదా అని అడగాలనిపిస్తుంది. తెలిసేది కాదు. తలే తాళం వేస్తుంటే ఎలక్ట్రోడు తీగలు ఊగి, ఆ ఊపే గీతలో పడేది. దాసుగారు ఈ ల్యాబ్‌కు అస్సలు పనికిరారు.

తాళాన్ని మనసులో మాత్రం వేయిస్తే దారి దొరుకుతుంది. సిల్వీ నొజరదాన్ బృందం 2011లో ప్రచురించిన పద్ధతి ఇది. సెకనుకు 2.4 చొప్పున ఒకే రకం దెబ్బలు వినిపిస్తారు. వినేవాళ్లు వాటిని ఒకసారి రెండేసిగా, ఇంకోసారి మూడేసిగా ఊహించుకుంటారు. శబ్దం మారదు. కానీ ఫోరియర్ పటంలో రెండేసికి 1.2 హెర్ట్జ్ దగ్గర, మూడేసికి 0.8 దగ్గర కొత్త శిఖరం లేస్తుంది. చెవికి చేరని తాళం మెదడులో నడుస్తోందన్నమాట. మన పిల్లలకైతే తక, తకిట అనుకోమంటే చాలు, వేరే వివరణ అక్కర్లేదు. ముక్కలు మాత్రం రెండు సెకన్లవి చాలవు, అర నిమిషానికి తగ్గకూడదు. చాలాసార్లు చేసి సగటు తీయాలి. చవక బోర్డుల్లో ఒక హెర్ట్జ్ కిందున్నదంతా కోసేసే వడపోత ఉంటుంది, దాన్ని ముందే మార్చుకోకపోతే తకిట శిఖరం పుట్టకుండానే పోతుంది. సంగీత కళాశాల నుంచి వచ్చిన విద్యార్థి తెలియకుండానే తల ఊపుతాడు కనుక, మొదట అతణ్ని కావాలనే తల ఊపమని ఒక రికార్డు తీసి పెట్టుకోవాలి. ఆ ఊపు ఏ ఎలక్ట్రోడులో ఎంత పడిందో చూశాక, కదలకుండా తీసిన గీతలో అదే ఆకారం కనిపించిన ముక్కలన్నీ పక్కన పడేసి, మిగిలినవాటికే సగటు కట్టాలి.