కంగారు తగ్గాకే నవ్వాలా?

పిల్లలు పడీపడీ నవ్వుతుంటే "చాలు, ఇంత నవ్వితే ఏడవాల్సొస్తుంది" అనే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఉద్యోగం వచ్చిన సంగతిని ఆర్డరు చేతికందేదాకా బయటికి పొక్కనివ్వరు. బిడ్డ ముద్దుగా ఉందని ఎవరైనా అంటే ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేస్తారు. మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలికే. కానీ దాని అడుగున ఉన్న లెక్క ఆందోళనతో బతికేవాళ్ళకు బాగా తెలుసు: సంతోషంగా ఉన్నప్పుడు తగిలే దెబ్బ రెట్టింపు నొప్పి పెడుతుంది, ముందే దిగులుగా ఉంటే పెద్దగా పడిపోయేదేమీ ఉండదు. అమెరికాలోని మనస్తత్వ శాస్త్రవేత్తలు మిషెల్ న్యూమన్, సాండ్రా లెరా 2011లో ప్రతిపాదించిన సిద్ధాంతం దాదాపు ఇదే చెబుతుంది. ఎడతెగని ఆందోళన ఉన్నవాళ్ళను ఆపద ఎంత భయపెడుతుందో, హాయిగా ఉన్న మనసు ఒక్కసారిగా కుంగిపోవడం కూడా అంతగా భయపెడుతుంది. అందుకే ఎప్పుడూ కాస్త కుంగి ఉండడమే క్షేమమనుకుంటారు. ఈ మాట ఒప్పుకుంటే, "ముందు ఈ టెన్షన్ తగ్గనీ, సరదాలు తర్వాత" అని మనం పెట్టుకున్న వరస తప్పని కూడా ఒప్పుకోవాలి. ఆ టెన్షన్‌ను తగ్గనివ్వకుండా పట్టి ఉంచుతున్న వాటిలో సరదాను వాయిదా వేసే అలవాటు కూడా ఒకటి. చిన్న సంతోషాన్ని కంగారు ఉండగానే సాధన చేయాలన్నది నా వాదన.

ముందే దిగులుపడి ఉండడం నిజంగా మనల్ని కాపాడుతోందా? న్యూమన్, లూకస్ లాఫ్రెనియేర్‌తో కలిసి 2020లో ప్రచురించిన అధ్యయనం దీన్ని సూటిగా పరీక్షించింది. తీవ్రమైన ఆందోళన సమస్య ఉన్న 29 మంది తమకు వచ్చిన దిగుళ్ళను ఎప్పటికప్పుడు రాసుకుని, తర్వాత ఏది జరిగిందో ఏది జరగలేదో సరిచూసుకున్నారు. దాదాపు 91 శాతం జరగనే లేదు. 29 మందితో లోకం తీరు తేల్చేయలేం, నిజమే. మిగిలిన తొమ్మిది శాతం జరిగాయి కదా అని కూడా అడగొచ్చు. జరిగాయి. కానీ ముందునుంచీ బెంగపెట్టుకున్నందుకు ఆసుపత్రి బిల్లు ఒక్క రూపాయైనా తగ్గిన ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?

ఈ ఇద్దరే 2023లో మరో ప్రయోగం ఫలితాలు వెల్లడించారు. ఆందోళన సమస్య ఉన్న 85 మంది విద్యార్థుల్లో కొందరికి ఫోన్ యాప్ ద్వారా వారంపాటు చిన్న చిన్న సంతోషాలను ఆస్వాదించడం నేర్పారు. పోలికకు పెట్టిన బృందంతో చూస్తే వాళ్ళ దిగులు ఎక్కువగా తగ్గింది. అంతకుముందే, 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మనస్తత్వ శాస్త్రవేత్త మిషెల్ క్రాస్కే బృందం 96 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు బాధను తగ్గించే చికిత్స, రెండో జట్టుకు ఆనందాన్ని పెంచే చికిత్స. విచిత్రంగా రెండో జట్టులోనే కుంగుబాటు, ఆందోళన కూడా బాగా తగ్గాయి. ఇంతకీ నేర్పింది ఏమిటంటే వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. హాయిగొలిపేదేదో ఎదురైనప్పుడు ఆగడం, దాన్ని ఇంకొన్ని క్షణాలు సాగదీయడం, తర్వాత మళ్ళీ తలుచుకోవడం, రేపటికి అలాంటిదొకటి ముందే అనుకుని పెట్టుకోవడం. మన దగ్గర అది వేడన్నంలో కొత్తావకాయ కలిపిన మొదటి ముద్ద కావచ్చు, ఎండ దిగాక డాబా మీద నీళ్ళు చల్లితే లేచే వాసన కావచ్చు. రెండో ముద్దకే మనసు "ఇప్పుడా ఇదంతా, రేపటి సంగతేంటి" అంటుంది. అనాలి కూడా. ఆ మాట విని కూడా ముద్ద రుచి దగ్గరే ఇంకాసేపు ఉండగలగడమే అసలు కసరత్తు. అలా ఉన్నందువల్ల కొంప మునగలేదని ఒంటికి తెలియాలి. బుర్రకు చెప్పినంత మాత్రాన చాలదు.

ఇది సమస్యనుంచి పారిపోవడం కాదా అంటారు. ఫోన్‌లో రీల్స్ తిప్పుతూ అర్ధరాత్రి చేసేవాణ్ణి చూపించి ఆ మాట అంటే నేనూ ఒప్పుకుంటాను. అక్కడ అతను దేన్నీ ఆస్వాదించడంలేదు, ఆలోచన రాకుండా తలుపు మూస్తున్నాడంతే. కట్టాల్సిన ఫీజు, రాయాల్సిన పరీక్ష, చేయించుకోవాల్సిన స్కాన్ వెనక్కి పోతుంటే అది తప్పించుకోవడమే. రోజూ మంచివి ఐదు రాసుకోమనే కృతజ్ఞతా డైరీల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. అలాంటి అధ్యయనాలను కలిపి 2021లో చేసిన విశ్లేషణలో ఆందోళన, కుంగుబాటు తగ్గడం స్వల్పమేనని తేలింది. జాబితా నింపడం ఇంకో హోంవర్కు అయిపోతుంది. రుచి చూడనిదే పేరు రాసి ఏం లాభం?

అప్పుల్లో ఉన్న కౌలు రైతుకు ఆవకాయ ముద్ద గురించి చెబుతారా అన్న ప్రశ్న ఇంకా గట్టిది. అతనికి కావలసింది గిట్టుబాటు ధర, పంట నష్టపరిహారం. వాటి బదులు ఆనంద పాఠాలు చెప్పే ప్రభుత్వమో కంపెనీయో ఉంటే నిలదీయాల్సిందే. అయితే, పేదవాడికి సంతోషాలు కష్టాలు తీరాకే అనడంలో ఇంకో రకం క్రూరత్వం ఉంది. గోవాలో ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, తీవ్ర కుంగుబాటు ఉన్నవాళ్ళకు, డాక్టర్లు కాని మామూలు కౌన్సిలర్లు కొన్ని సిట్టింగుల్లో ఇచ్చిన సలహా ఫలించిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఆ సలహాలో ప్రధానం, మానేసిన పనుల్లో మనసుకు నచ్చినవాటిని, అవసరమైనవాటిని మళ్ళీ మొదలుపెట్టించడమే. కుంగుబాటు, ఆందోళన ఒకటి కావు గనుక దాన్ని ఇక్కడ నేరుగా రుజువుగా చూపను. ఇదంతా డబ్బున్నవాళ్ళ వ్యాపకం అన్న మాటకు మాత్రం అది చాలినంత జవాబు.

ఇంట్లోవాళ్ళు ధైర్యం చెప్పే పద్ధతి గురించీ ఒక మాట. "ఏం కాదులే" అన్నది ప్రేమతో అనేదే, కానీ దాని బలం పావుగంట. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ చెప్పాలి, చివరికి ఇద్దరికీ విసుగు. ఎందుకంటే రేపటికి హామీ ఎవరూ ఇవ్వలేరని అడిగేవాళ్ళకూ తెలుసు. "మొన్న చేతులు వణుకుతున్నా బస్సెక్కి వెళ్ళొచ్చావు కదమ్మా" అంటే అందులో హామీ లేదు, జరిగిన సంగతి ఉంది. దాన్ని భయం కాదనలేదు. పొగడ్త కూడా దిష్టేనని మింగేసే ఇళ్ళలో ఈ ఒక్క వాక్యం పైకి అనడానికే సాధన కావాలేమో.

నిద్ర పూర్తిగా పోయి, గుండె దడ ఆగక, పనికి వెళ్ళలేని స్థితికి వస్తే ఈ సాధన ఒక్కటే సరిపోదు. థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు వస్తాయి కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించాలి, అవసరమైతే మానసిక వైద్యులు మందులిస్తారు. ఎవరి దగ్గరికెళ్ళాలో తోచకపోతే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఫోన్‌కు ఖర్చు లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.